ఆస్పిరిన్ మెల్టింగ్ పాయింట్: చెన్నై ల్యాబ్‌లో నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టులో మెల్టింగ్ పాయింట్‌కు దక్కేది ఒక్క గడి. ఆ గడిలో రెండు అంకెలు: కరగడం మొదలైన ఉష్ణోగ్రత, పూర్తయిన ఉష్ణోగ్రత. ఆ రెండు అంకెలు నా రిపోర్టులోకి రావడానికి జనవరి 19 నుంచి ఫిబ్రవరి చివరి వారం దాకా పట్టింది. ప్రాక్టికల్ మాన్యువల్లో ఈ ప్రయోగం అర పేజీ ఉంటుంది. ఎక్కడ ఎంతసేపు ఆగాలో, దేనికి ఎంత ఖర్చవుతుందో, నడిమధ్యలో గుండె ఎలా జారిపోతుందో ఆ అర పేజీలో ఉండదు. నా తర్వాత ఈ పని చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట. చదువు చెన్నైలో, తరమణి దగ్గర హాస్టల్లో ఉంటాను. ఆస్పిరిన్‌ను అందరూ చేసేలా సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కాకుండా కొన్ని ఘన ఉత్ప్రేరకాలతో చేసి, ఏది ఎంత శుభ్రమైన సరుకు ఇస్తుందో పోల్చడం నా ప్రాజెక్టు. పోలిక కోసం ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తోనే ఒకటి చేయాలి. దాని మెల్టింగ్ పాయింట్ సరిగ్గా వస్తే తప్ప మిగతా వాటికి వెళ్లొద్దని గైడ్ మేడమ్ మొదటి రోజే చెప్పారు.

మొదటి ఆలస్యం స్టోర్‌లోనే. ఆస్పిరిన్ చేయడానికి కావాల్సిన రెండింటిలో సాలిసిలిక్ యాసిడ్ అడిగిన వెంటనే ఇచ్చారు. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ మాత్రం అలా ఇవ్వరు. హెరాయిన్ తయారీలోనూ వాడతారు కాబట్టి మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత పదార్థం. మేడమ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం, రిజిస్టర్‌లో ఎన్ని మిల్లీలీటర్లు తీసుకున్నానో, మిగిలింది ఎంతో, అన్నీ రాయాలి. 19న ఇండెంట్ (స్టోర్‌కు ఇచ్చే అర్జీ) పెడితే 23న చేతికొచ్చింది. మీ ప్రాజెక్టులో ఇది ఉంటే ఇండెంట్ ముందు వారమే పెట్టేయండి.

చేయడం పెద్ద పనేం కాదు. గోరువెచ్చని వాటర్ బాత్‌లో పావుగంట, తర్వాత ఐస్ నీళ్లు, బుక్నర్ గరాటులో వడకట్టడం. మర్నాడు కొంచెం ఆల్కహాల్‌లో కరిగించి నీళ్లు కలిపి చల్లార్చితే తెల్లటి సన్నని స్ఫటికాలు వచ్చాయి. వాచ్ గ్లాస్ మీద పరిచి డెసికేటర్‌లో (తేమ తగలకుండా ఆరబెట్టే మూత ఉన్న పాత్ర) పెట్టాను. ఆ తర్వాత ఆదివారం, సోమవారం 26 సెలవు.

27న మూత తీయగానే పులుపు వాసన. వెనిగర్ వాసనే అది. పొడి గరిటెకు అంటుకుంటోంది, రాలడం లేదు. డెసికేటర్ అడుగున ఉన్న సిలికా జెల్ వంక చూస్తే గులాబీ రంగులో ఉంది. పొడిగా ఉన్నప్పుడు అది నీలం రంగులో ఉండాలి. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఉమ్మడి డెసికేటర్ అది. రోజుకు పది మంది తీస్తారు, పెడతారు, జెల్ ఆరబెట్టే పని ఎవరి వంతూ కాదు. ఇక చెన్నై గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ జనవరిలోనూ తువ్వాలు ఆరడానికి రోజు పడుతుంది. తేమ తగిలితే ఆస్పిరిన్ మెల్లగా విడిపోయి మళ్లీ సాలిసిలిక్ యాసిడ్, ఎసిటిక్ యాసిడ్ అవుతుంది. ఆ పులుపు వాసన కడగడంలో మిగిలిన యాసిడ్‌దీ కావచ్చు, విడిపోవడం వల్ల వచ్చిందీ కావచ్చు. వాసన చూసి ఏదో తేల్చలేం.

జెల్ అంతా ట్రేలో పోసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర పెడితే సాయంత్రానికి నీలమైంది. చల్లార్చి, డెసికేటర్ అంచుకు గ్రీజు పూసి, నా శాంపిల్ మళ్లీ లోపల పెట్టి, మూత మీద కాగితం అంటించాను. ఆస్పిరిన్‌నే ఓవెన్‌లో పెడితే తొందరగా ఆరదా అని మా క్లాసు అబ్బాయి ఒకడు అడిగాడు. వద్దు. తడిగా ఉన్న ఆస్పిరిన్‌ను వేడి చేయడమంటే దాన్ని విడగొట్టడమే. రోజూ తూకం వేశాను. తూకం మారకుండా నిలబడేసరికి ఫిబ్రవరి 2.

ఈ లోపు కేపిలరీలు, అంటే పొడి నింపి కరిగించి చూసే సన్నని గాజు గొట్టాలు, కొనాల్సి వచ్చింది. స్టోర్‌లో ఉన్నవి సగం విరిగినవే. జనవరి 31న, శనివారం, ఎలక్ట్రిక్ ట్రైన్‌లో బీచ్ స్టేషన్‌లో దిగి పారిస్ కార్నర్ సందుల్లోకి వెళ్లాను. ల్యాబ్ సామాన్ల కొట్లలో రెండు రకాలు ఉంటాయి: రెండు చివరలూ తెరిచి ఉన్నవి, ఒక చివర మూసి ఉన్నవి. తెరిచినవి వంద 90 రూపాయలు, మూసినవి 160 చెప్పారు. నేను తెరిచినవే తీసుకున్నాను. వీలైతే మీరు ఆ 70 రూపాయలు ఎక్కువ పెట్టి మూసినవే కొనండి. సీలు చేయడం రాక కాదు. శాంపిల్ ఎక్కించాక సీలు సరిగ్గా పడలేదని తెలిస్తే పోయేది ఇన్‌స్ట్రుమెంట్ స్లాట్, అంటే మెల్టింగ్ పాయింట్ యంత్రం మీద మన వంతు సమయం. ఆ స్లాట్ విలువ 70 రూపాయల కన్నా చాలా ఎక్కువ.

మా డిపార్ట్‌మెంట్‌లో డిజిటల్ మెల్టింగ్ పాయింట్ యంత్రం ఒక్కటే. ఎమ్మెస్సీ వాళ్లు, పీహెచ్‌డీ వాళ్లు అందరికీ అదే. రిజిస్టర్‌లో నాకు దొరికిన మొదటి స్లాట్ ఫిబ్రవరి 5 మధ్యాహ్నం రెండింటికి. అప్పటిదాకా ఊరికే కూర్చోకుండా పాత థీలే ట్యూబ్ మీద చెయ్యి తిప్పుకోమని మేడమ్ అన్నారు. త్రికోణంగా పక్కచెయ్యి ఉన్న గాజు గొట్టం, అందులో సిలికోన్ నూనె, థర్మామీటర్‌కు రబ్బరు రింగుతో కట్టిన కేపిలరీ. పక్కచేతిని బర్నర్‌తో వేడి చేస్తే నూనె తనంతట తానే చుట్టూ తిరుగుతుంది, కలపక్కర్లేదు.

నాకు కేపిలరీ మూయడం నేర్పింది మా ల్యాబ్ అటెండర్ అన్న. ఆయనది గుమ్మిడిపూండి పక్క పల్లె, ఇంట్లో తెలుగే.

"మంట మజ్జన పెట్టబాక పాపా, వంగిపోతాది. అంచున ఆనించు. ఏళ్లతో తిప్పతానే ఉండాల. కొసన ఎర్రటి చుక్క కనపడగానే తీసేయి."

ఆయన చెప్పినట్టు కొంచెం ఏటవాలుగా మంట అంచుకు ఆనించి తిప్పితే రెండు సెకన్లలో మూసుకుంది. మూసుకున్నట్టు కంటికి కనిపించినా లోపల సన్నటి రంధ్రం ఉండొచ్చు. అందుకే ఆయన ప్రతిదాన్నీ భూతద్దం కింద పెట్టి చూస్తాడు. రంధ్రం ఉంటే వేడెక్కే కొద్దీ నూనె లోపలికి పాకి, పొడి కరిగిందని మనల్ని భ్రమపెడుతుంది.

పొడి ఎక్కించడం ఇంకో విద్య. చిన్న కల్వంలో ముగ్గుపిండిలా మెత్తగా నూరాలి. కేపిలరీ తెరిచిన నోటిని పొడిలో గుచ్చి, తిరగేసి, అర మీటరు పైచిలుకు పొడవున్న గాజు గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టి, అందులోంచి కేపిలరీని జారవిడవాలి. అది బల్లకు తగిలి ఎగిరినప్పుడల్లా పొడి కిందికి దిగి గట్టిపడుతుంది. అలా కొన్నిసార్లు వదిలితే చాలు. పొడి ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. ఎక్కువైతే కింది భాగం కరిగాక పైది కరగడానికి ఇంకాస్త వేడి కావాల్సి వచ్చి, శుభ్రమైన సరుకు కూడా మలినం ఉన్నదానిలా కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క నాకు చూపించిన విషయం మర్చిపోలేను. యూరియా, సినమిక్ యాసిడ్, రెండూ విడివిడిగా 133 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండింటినీ సమానంగా కలిపి నూరి కేపిలరీలో ఎక్కించింది. "ఎంతకు కరుగుతుందో చెప్పు" అంది. నేను చెప్పేలోపే, వందకు అటూఇటూగా ఉన్నప్పుడే గొట్టంలో తడి కనిపించింది. ఇంకోటి కలిసిందంటే మెల్టింగ్ పాయింట్ పడిపోతుందని డిగ్రీ నుంచి చదువుతున్నాను. ముప్ఫై డిగ్రీలు పడిపోవడం కళ్లతో చూడడం వేరు. కలిసేది ఎక్కువ ఉష్ణోగ్రతలో కరిగేదైనా అంతే. సాలిసిలిక్ యాసిడ్ 158 దగ్గర కరుగుతుంది, ఆస్పిరిన్ కన్నా చాలా పైన. అయినా ఆస్పిరిన్‌లో కొంచెం సాలిసిలిక్ యాసిడ్ మిగిలిపోతే ఆస్పిరిన్ మెల్టింగ్ పాయింట్ పెరగదు, తగ్గుతుంది.

ఫిబ్రవరి 5న యంత్రం ముందు కూర్చున్నాను. లోహపు దిమ్మ, అందులో మూడు కేపిలరీలకు మూడు రంధ్రాలు, వెనక లైటు, ముందు భూతద్దం. ముందు బెంజోయిక్ యాసిడ్ పెట్టి చూశాను. అది 122 దగ్గర కరగాలి. యంత్రం 123.6 చూపించింది. అంటే దీని అంకె ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ చెబుతోందన్నమాట. రిజిస్టర్‌లో ఎవరూ ఈ సంగతి రాసి పెట్టలేదు. నాకంటే ముందు వాడినవాళ్లందరి రీడింగుల్లో ఈ తేడా ఉండి ఉంటుందని అనుకుంటే బాధేసింది. యంత్రం డిజిటల్ అయినంత మాత్రాన అది చెప్పిందల్లా నిజం కాదు. మీ స్లాట్‌లో మొదటి ఇరవై నిమిషాలు తెలిసిన పదార్థానికి ఇవ్వండి. (నేను ఇక్కడ రాసే అంకెలన్నీ ఆ తేడా తీసేశాకవే.)

తర్వాత నా ఆస్పిరిన్. మాన్యువల్లో ఉన్నట్టే కింది నుంచి నెమ్మదిగా, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుకుంటూ వెళ్లాను. గంటన్నర పట్టింది. అద్దంలోంచి చూసి చూసి కళ్లు మండాయి. 128 దగ్గర మొదటి చుక్క, 132 దగ్గర మొత్తం కరిగింది. పుస్తకంలో 135. ఏడు డిగ్రీల కింద మొదలై, నాలుగు డిగ్రీల మేర సాగింది. శుభ్రమైనది ఒకటి రెండు డిగ్రీల లోపే కరిగిపోవాలి.

ఆ సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మూడు వారాల పని, సంతకాల కోసం తిరగడం, ఆరబెట్టడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. మా అమ్మ ఫోన్‌లో "ఏమ్మా, గొంతు అట్టా ఉంది" అంది. ఆమెకు ఈ డిగ్రీల గొడవ ఏం చెప్పను. తలనొప్పి అన్నాను.

మర్నాడు ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష చేశాను. చిటికెడు పొడి ఆల్కహాల్‌లో కరిగించి ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే, సాలిసిలిక్ యాసిడ్ ఉంటే ఊదా రంగు వస్తుంది. లేతగా వచ్చింది. కొంత సాలిసిలిక్ యాసిడ్ ఉన్నట్టే. మళ్లీ రీక్రిస్టలైజేషన్ (కరిగించి తిరిగి స్ఫటికాలు చేయడం) పెట్టాను. ఈసారి వేడిలో ఎక్కువసేపు ఉంచకుండా, కరగగానే దించేసి, నీలం జెల్ ఉన్న డెసికేటర్‌లో ఆరబెట్టాను. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు రాలేదు. ఎంత నిశ్చింతగా అనిపించిందో! ఫిబ్రవరి 11 స్లాట్‌లో మళ్లీ పెట్టాను. 130 నుంచి 132. రేంజ్ బాగా దగ్గరపడింది, అంకె మాత్రం పెరగలేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారనుకుంటాను. మలినం లేదని రంగు పరీక్ష చెబుతోంది, ఉందని థర్మామీటర్ చెబుతోంది. డీఎస్‌సీ (వేడి చేసే కొద్దీ పదార్థం ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే పరీక్ష) చేయిద్దామని బయట ఒక ల్యాబ్‌ను అడిగితే శాంపిల్‌కు 1,500 రూపాయలు, పది రోజులు అన్నారు. నా దగ్గర ఉన్నవి నాలుగైదు శాంపిళ్లు.

13న మేడమ్ దగ్గరికి నోట్‌బుక్ తీసుకెళ్లాను. ఆవిడ రీడింగ్ చూడలేదు. ఎక్కడి నుంచి వేడి మొదలుపెట్టావు, ఎంతసేపు పట్టింది అని అడిగారు. గంటన్నర అనగానే తల పంకించారు. ఆస్పిరిన్ కరిగేటప్పుడే విడిపోతూ కరుగుతుంది. నెమ్మదిగా వేడి చేసిన కొద్దీ గొట్టంలోనే అది కొంచెం కొంచెంగా విడిపోయి, తన మలినాన్ని తానే తయారు చేసుకుంటుంది. అంటే నేను పెట్టింది శుభ్రమైన ఆస్పిరిన్. కరిగే వేళకు గొట్టంలో ఉన్నది మాత్రం ఆస్పిరిన్ ఒక్కటే కాదు. నెమ్మదిగా వేడి చేయమన్న మాన్యువల్ సూత్రం బెంజోయిక్ యాసిడ్ లాంటి వాటికి సరిగ్గా సరిపోతుంది. విడిపోయే వాటికి సరిపోదు.

అదే రోజు సాయంత్రం ఒక పీహెచ్‌డీ అన్న తన స్లాట్‌లోంచి అరగంట నాకు వదిలాడు. దిమ్మను ముందే 120కి వేడి చేసి ఉంచి, అప్పుడు కేపిలరీ దించి, నిమిషానికి మూడు డిగ్రీల చొప్పున పెంచాను. 134 నుంచి 135.5. అదే పొడి, అదే యంత్రం. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. లైబ్రరీలో మందుల ప్రమాణాల పుస్తకం బ్రిటిష్ ఫార్మకోపియా తీస్తే ఆస్పిరిన్‌కు సుమారు 143 అని ఉంది. పక్కన ఇన్‌స్టంటేనియస్ పద్ధతి అని రాశారు. అందులో కేపిలరీ ఉండదు. లోహపు దిమ్మను వేడి చేస్తూ మధ్యమధ్య కొన్ని రేణువులు చల్లుతారు. తగిలిన క్షణమే కరిగిపోయే ఉష్ణోగ్రత ఒకటి, తర్వాత దిమ్మ చల్లారుతుంటే అలా కరగడం ఆగిపోయే ఉష్ణోగ్రత ఒకటి, ఆ రెండింటి సగటు. విడిపోవడానికి వ్యవధే ఇవ్వరు కాబట్టి అంకె అంత పైకి వస్తుంది. నాకైతే అప్పుడు గట్టిగా అర్థమైంది: ఆస్పిరిన్ మెల్టింగ్ పాయింట్ ఇంత అని ఊరికే అంకె రాస్తే అది సగం మాటే. ఎలా వేడి చేశామో రాస్తేనే పూర్తవుతుంది. 130 అబద్ధం కాదు, 135 అబద్ధం కాదు, 143 కూడా కాదు.

మరి నాది ఆస్పిరినేనని దేనితో చెప్పాలి? అక్క దారి చూపించింది. "పుస్తకంలో అంకె కోసం వెంటపడకు. అసలు ఆస్పిరిన్ పక్కన పెట్టి కరిగించు." మొదటి గొట్టంలో నాది, రెండో దాంట్లో శుభ్రమైన ఆస్పిరిన్, మూడో దాంట్లో రెండూ సమానంగా కలిపి నూరింది. మూడూ ఒకే దిమ్మలో, ఒకే వేడిలో. యంత్రం తప్పు చెప్పినా, వేడి వేగం మారినా, మూడింటికీ ఒకేలా మారుతుంది.

శుభ్రమైన ఆస్పిరిన్ కోసం మళ్లీ ఎదురుచూపు. మందుల షాపు మాత్ర పొడి చేస్తే సరిపోతుందేమోనని మా రూమ్మేట్ అంది. మాత్రలో స్టార్చ్ లాంటివి కలుస్తాయి. స్టార్చ్ కరగదు, తెల్లగా అడుగునే ఉండిపోతుంది, కరగడం ఎక్కడ పూర్తయిందో తెలియదు. ఆల్కహాల్‌తో వేరు చేయొచ్చు గానీ అప్పుడు దాని శుభ్రతకూ నేనే పూచీ పడాలి. కొట్లో 25 గ్రాముల సీసా 420 రూపాయలు, తెప్పించి ఇవ్వడానికి వారం పైనే అన్నారు. ఆర్డర్ ఇచ్చేశాను. 23న వచ్చింది.

24వ తేదీ ఉదయం పది గంటల స్లాట్. దిమ్మ 120 దగ్గర ఉండగా మూడు కేపిలరీలూ దించాను. అద్దంలోంచి మూడు తెల్లటి స్తంభాలు పక్కపక్కనే పెద్దవిగా కనిపిస్తున్నాయి. 131 దాటాక మూడింటిలోనూ పొడి గాజు గోడను వదిలి కొంచెం లోపలికి ముడుచుకుంది. కొత్తవాళ్లు ఇదే మొదలనుకుంటారు. ఇది కరగడం కాదు, అంకె రాయకూడదు. 134 దగ్గర మధ్య గొట్టంలో అడుగున ఒక మెరుపు, సన్నటి తడి చుక్క. నేను ఊపిరి బిగబట్టి ఎడమ గొట్టం వంక చూశాను. అక్కడా చుక్క. కుడి దాంట్లోనూ అప్పుడే. చుక్కలు పెరిగి, తెలుపు వాటిలోకి కుంగి, మూడు గొట్టాల్లోనూ పైన వంపు తిరిగిన ద్రవపు అంచు ఏర్పడింది. చివరి తెల్లటి రేణువు మాయమయ్యేసరికి 135.5. కలిపిన గొట్టం ముందు కరిగి ఉంటే నాది వేరే పదార్థమో, మలినం ఉన్నదో అయ్యేది. మూడూ కలిసే కరిగాయి.

అక్క వెనక నిలబడి చూస్తోంది. "రాసుకో" అంది. చెయ్యి వణుకుతుంటే రాసుకున్నాను. ఒకసారి కరిగిన కేపిలరీని చల్లార్చి మళ్లీ వాడకూడదు, అందుకే కొత్తగా మూడు నింపి ఇంకోసారి చూశాను. అవీ అలాగే వచ్చాయి.

రిపోర్టులో ఆ గడి ఇప్పుడు ఇలా ఉంది: "134–135.5 డిగ్రీల సెల్సియస్, విడిపోతూ కరుగును. కేపిలరీ పద్ధతి, 120 డిగ్రీల వద్ద దించి నిమిషానికి 3 డిగ్రీలు. బెంజోయిక్ యాసిడ్‌తో సవరించినది. ప్రామాణిక ఆస్పిరిన్‌తో కలిపినప్పుడు తగ్గుదల లేదు." గడిలో పట్టక కింద ఫుట్‌నోట్‌గా వేశాను. మేడమ్ చదివి సంతకం పెట్టారు.

నా జేబులోంచి పోయింది కేపిలరీలకు 90, ఆస్పిరిన్ సీసాకు 420, పైన రైలు చార్జీలు. సీసాలో ఇరవై గ్రాములకు పైనే మిగిలింది, మూత చుట్టూ పారాఫిన్ టేపు చుట్టి డెసికేటర్‌లో పెట్టాను. సిలికా జెల్ ఆరబెట్టే వంతుల పట్టిక ఒకటి రాసి డెసికేటర్ పక్క గోడకు అంటించాం, యంత్రం రిజిస్టర్ అట్ట లోపల బెంజోయిక్ యాసిడ్ రీడింగ్, తేదీ రాశాను. ఘన ఉత్ప్రేరకాలతో చేసిన మొదటి రెండు శాంపిళ్లు ఇప్పుడు ఆరుతున్నాయి. వాటికి మార్చి 5న స్లాట్ దొరికింది.